ముక్కు మేస్త్రి ఎంచిన ఆయిల్

లారీల షెడ్డులో ఆయన్ని అందరూ ముక్కు మేస్త్రి అనేవాళ్లు. ముక్కు పెద్దదని కాదు. అది మామూలు ముక్కే, ఆ మాటకొస్తే కాస్త చప్పిడిది కూడా. కానీ ఇంజన్లోంచి గేజి పుల్ల బయటికి లాగి, దాని కొసకు అంటుకున్న ఆయిల్‌ను ఒక్కసారి వాసన చూశాడంటే ఆ బండి గుట్టంతా చెప్పేసేవాడు. ఆయిల్లో డీజిల్ కలుస్తోందనో, ఎక్కడో నీళ్లు దిగుతున్నాయనో, డ్రైవరు ఎత్తు మీద గేరు మార్చడానికి బద్ధకించి ఇంజన్‌ను ఉడకబెడుతున్నాడనో. ఒకటి రెండుసార్లు డ్రైవర్లు పందెం కట్టి, ఇంజన్ విప్పించి చూసి, ఓడిపోయారు. ఆ తర్వాత ఎవరూ పందెం జోలికి పోలేదు.

ముప్ఫై ఏళ్లుగా ఆ షెడ్డులో ఒకటే ఆయిల్. ఎర్ర డబ్బాలో వచ్చేది కాబట్టి అందరికీ అది ఎర్రడబ్బా. దాని అసలు పేరు అడిగితే సగంమంది తెల్లమొహం వేస్తారు. కంకర, సిమెంటు, ఇనుప ఊచలు మోసే పద్నాలుగు పెద్ద లారీలూ దాన్ని తాగే బతికాయి. షెడ్డు పెట్టిన పెద్దాయన పోయాక వ్యాపారం ఆయన కూతురి చేతికి వచ్చింది. ఆమెకు నలభై దగ్గర పడుతున్నాయి, జుట్టులో అక్కడక్కడా తెలుపు కనిపిస్తోంది, అయినా షెడ్డుకి ఆమె ఇంకా అమ్మాయిగారే.

ఆ ఏడు ఎర్రడబ్బా తయారీ ఆగిపోయింది. ఫ్యాక్టరీ మూసేశామని, ఇన్నాళ్ల ఆదరణకు కృతజ్ఞతలని నాలుగు ముక్కల ఉత్తరం వచ్చింది. గోదాములో మిగిలిన నిలవ మూడు నెలలకు సరిపోతుంది. ఈ సంగతి ఎలా పొక్కిందో ఏమో, వారం తిరక్కుండానే అయిదు రకాల ఆయిల్ ఏజెంట్లు షెడ్డు గేటు దగ్గర చెప్పులరిగేలా తిరగడం మొదలుపెట్టారు. ఇంజన్ తయారుచేసిన కంపెనీ ఫలానా ఆయిళ్లు వాడొచ్చని ఇచ్చిన పట్టిక ముందు పెట్టుకుని, అందులో లేని మూడింటినీ అమ్మాయిగారు పక్కన పెట్టేసింది. మిగిలినవి రెండు. ఒకటి నీలండబ్బా, రెండోది పచ్చడబ్బా. రెండింటి చిక్కదనం ఒకటే, డబ్బా వెనక అచ్చేసిన గ్రేడు అక్షరాలూ ఒకటే. నీలండబ్బా ఏజెంటు మెడకు టై బిగించుకుని వచ్చి, గీతలు గీసిన కాగితాలు చూపించి, అందరికీ కళ్లు తిరిగేలా మాట్లాడాడు. పచ్చడబ్బా ఏజెంటు నెమ్మదస్తుడు. కనపడిన ప్రతి డ్రైవరునూ పేరుపెట్టి పలకరించి, టీ తాగి వెళ్లాడు. ఇద్దరి మాట మాత్రం చివరికి ఒకచోటే తేలింది. మాది పోయండి, ఇంజన్ మీ మనవళ్ల కాలం దాకా నడుస్తుంది.

అమ్మాయిగారు ఆ రెండు డబ్బాలూ మేస్త్రి బల్ల మీద పెట్టించింది.

"మీ ముక్కు ఏదంటే అదే, మేస్త్రిగారూ. నిలవ అయిపోయేలోపు చెప్పండి చాలు," అంది.

మేస్త్రి తల ఊపాడు. ఊపాడు గానీ ఆయన గుండెలో రాయి పడింది.

నాలుగు నెలల కిందట ఆయనకు జ్వరం వచ్చింది. పది రోజులు మంచం దిగలేదు. జ్వరం తగ్గింది, ఒళ్లు నెప్పులు తగ్గాయి, దగ్గు తగ్గింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. మొదట్లో జలుబు వల్లేమో అనుకున్నాడు. తర్వాత ఒక సెలవు రోజున ఇంట్లో చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాడు. కొంతమందికి వస్తుంది, కొంతమందికి రాదు, ఓపిక పట్టండి అని డాక్టరు చెప్పి పంపేశాడు. ఆ ఓపికే పడుతున్నాడు అప్పటినుంచి. ఆయిల్‌ను వేళ్ల మధ్య రుద్ది చూడడం, రంగు చూడడం, ఇంజన్ చప్పుడు వినడం, ఇవన్నీ చేతనైన పనులే కాబట్టి రోజులు వెళ్లిపోతున్నాయి. అయినా డ్రైవర్లు చుట్టూ నిలబడి చూస్తుంటే, అలవాటు ప్రకారం గేజి పుల్ల ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఏదో తెలిసినట్టు తల పంకించేవాడు. ముక్కు మేస్త్రి అనిపించుకున్నవాడు ముక్కు పనిచేయడం లేదని ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

డబ్బాలు బల్ల మీదికి వచ్చిన మూడో రోజున పొడుగు డ్రైవరు లారీ దూరప్రయాణానికి బయల్దేరింది. అతన్ని అందరూ అలాగే పిలుస్తారు. సీటు ఎంత వెనక్కి జరిపినా మోకాళ్లు స్టీరింగుకి తగిలే మనిషి. బయల్దేరేముందు మేస్త్రి గేజి పుల్ల లాగాడు, వాసన చూసినట్టు చూశాడు, బాగానే ఉంది వెళ్లమన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం దారిలోంచి ఫోను వచ్చింది. ఆయిల్ ప్రెషరు ముల్లు పడిపోతోందని పొడుగు డ్రైవరు బండి పక్కకు తీసి ఆపేశాడట. గేజి పుల్ల లాగి చూస్తే ఆయిల్ తగ్గడం అటుంచి, పుల్ల మీది గీతకు వేలెడు పైకి వచ్చి ఉందట, నీళ్లలా కారిపోతోందట. లారీని లాక్కొచ్చారు. ఇంజన్లోకి ఇంధనం చిమ్మే నాజిల్ ఒకటి కారి, డీజిల్ సిలిండరు గోడల మీదుగా కిందికి దిగి ఆయిల్లో కలిసిపోయింది. బేరింగుల మీద గీతలు పడ్డాయి గానీ కరిగిపోలేదు. ఇంకో గంట నడిపి ఉంటే ఇంజన్ పట్టేసి ఉండేది. నిండు లోడుతో, వాహనాలు వచ్చీపోయే రోడ్డు మీద.

అందరూ పొడుగు డ్రైవరు సమయస్ఫూర్తిని మెచ్చుకున్నారు. నాజిల్ దారిలోనే చెడి ఉంటుందని వాళ్లే అనుకున్నారు, వాళ్లే సర్దుకున్నారు. మేస్త్రిని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కానీ విప్పిన నాజిల్‌ను చేత్తో పట్టుకుంటే ఆయనకు తెలిసిపోయింది, అది ఒక్కరోజు కారుడు కాదని. వాసన తెలిసి ఉంటే బయల్దేరకముందే చెప్పేవాడు. వాసన తెలియకపోయినా కనీసం గీత చూసి ఉండాల్సింది. చూడలేదు. తెలిసినట్టు నటించడం మీద పెట్టిన ధ్యాస గీత మీద పెట్టలేదు. అదే ఆయన్ని ఎక్కువగా తొలిచేసింది.

ఆ సాయంత్రం పొద్దు వాలకముందే ఇంటికి వెళ్లిపోయాడు. భార్య అప్పుడే బడి నుంచి వచ్చి పొయ్యి మీద పాలు పెట్టింది. ఆమె ఇరవయ్యారేళ్లుగా ఒక బడిలో ప్రయోగశాల చూసుకుంటోంది. గాజు గొట్టాలు కడగడం, సీసాల మీద చీటీలు అంటించడం, పిల్లలు చెయ్యి కాల్చుకోకుండా కనిపెట్టుకుని ఉండడం ఆమె పని. ఆయన చేతులు కడుక్కోకుండానే వంటగది గుమ్మంలో నిలబడిపోయాడు.

"నాకు వాసన తెలియట్లేదు," అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగి చూడకుండానే, "తెలుసు," అంది.

"ఎప్పట్నుంచి?"

"బీరువా వెనక ఎలుక చచ్చిన రోజు నుంచి. నేను బడి నుంచి వచ్చి గడప దాటలేకపోయా, కడుపులో దేవేసింది. మీరు దాని పక్కనే కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నారు. పైగా ఇవాళ ఇల్లు హాయిగా ఉంది, కూచో అన్నారు."

మేస్త్రికి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. గుమ్మానికి ఆనుకుని అలాగే కింద కూర్చున్నాడు. నాలుగు నెలలుగా ఆమె అంటూ వచ్చిన మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. మట్టి వాసనొస్తోంది, వానొచ్చేలా ఉంది, బట్టలు తీయండి. పక్కింటివాళ్లు ఏదో మాడ్చినట్టున్నారు, మనింట్లో కాదులెండి. ఈ చొక్కా ఇవాళ వద్దు, చెమట పట్టింది. వయసు పెరిగేకొద్దీ ఈమెకు నోరు ఊరుకోవడం లేదేమిటా అని మనసులో విసుక్కున్నాడు కూడా.

ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదని ఆయన అడిగితే, మీరే చెబుతారని చూశానంది. చెప్పేదాకా ఆ ముక్కు పనేదో తను చేసిపెడితే పోలేదా అనుకుందట. పాలు దించి, పొయ్యి ఆర్పి, ఆమె కూడా వచ్చి ఎదురుగా నేల మీద కూర్చుంది. అప్పుడు ఆయన లారీ సంగతి చెప్పాడు, ఏదీ దాచకుండా, గీత చూడకపోవడంతో సహా.

ఆమె వెంటనే ఓదార్చలేదు. ఆయన చేతి మసిని తన కొంగుతో కాసేపు తుడుస్తూ కూర్చుంది.

"రేపు చెప్పేయండి," అంది చివరికి. "ముందు అమ్మాయిగారికి. తర్వాత డ్రైవర్లందరికీ. బండిలో కూచునేది వాళ్లు కదా."

మర్నాడు పొద్దున్నే మేస్త్రి అమ్మాయిగారి గదిలోకి వెళ్లి, కూర్చోమన్నా కూర్చోకుండా, నిలబడే చెప్పేశాడు. ఆమె చేతిలో పెన్ను కింద పెట్టి అంతా విన్నది. ఆమెకు కోపం వచ్చింది, అది మొహంలోనే కనిపించింది. ఆ డ్రైవరుకు ఏమైనా అయి ఉంటే వాళ్లింట్లోవాళ్లకు నేనేం సమాధానం చెప్పేదాన్ని అని మాత్రం అడిగింది. తనను తీసేస్తే వెళ్లిపోతానన్నాడు మేస్త్రి.

"మిమ్మల్ని తీసేస్తే ఇంజన్ చప్పుడు ఎవరు వింటారు?" అంది ఆమె. గొంతు ఇంకా గట్టిగానే ఉంది. "కానీ ఇక మీదట మీకు తెలియనిది తెలియదనే చెప్పాలి. నా దగ్గరైనా, వాళ్ల దగ్గరైనా."

డ్రైవర్లకు చెప్పడం అంతకంటే కష్టమైంది. టీ వేళకు అందరూ చేరినప్పుడు చెప్పాడు. వాళ్లు గ్లాసులు పట్టుకుని నేల చూస్తూ ఉండిపోయారు. పొడుగు డ్రైవరు లేచి, గ్లాసు కడిగి బోర్లించి, మేస్త్రి దగ్గరికి వచ్చాడు.

"అయితే మేస్త్రీ, మొన్న నేను వారం రోజులు ఉతకని దుప్పటి బండిలో పెట్టుకుంటే మీరొక్కరే ఏమీ అనలేదు. ఎంత మంచివాడో అనుకున్నా," అన్నాడు.

ముందు ఒకరు నవ్వారు, తర్వాత అందరూ. ఆ నవ్వుల మధ్యే అతను మేస్త్రి భుజం మీద చెయ్యి వేసి, కాసేపు తీయలేదు.

ఆయిల్ సంగతి మాత్రం అలాగే మిగిలింది. ముక్కు లేకుండా ఎలా ఎంచడం? ఆ మాటే రెండు రోజుల తర్వాత అన్నం తింటూ ఇంట్లో అన్నాడు. ఆయిల్ ఎందుకు చెడుతుందని భార్య అడిగింది. తనకు తెలిసినంత మేరకు చెప్పాడు. డీజిల్ మండినప్పుడు మసి పుడుతుంది. మంచి ఆయిల్ ఆ మసిని ముద్ద కట్టనివ్వకుండా తనలో కలుపుకుని, ఫిల్టరు దాకా మోసుకుపోతుంది. మోయలేని ఆయిల్ దాన్ని ఇంజన్లోనే ఎక్కడపడితే అక్కడ వదిలేస్తుంది. డబ్బాలో ఉన్నప్పుడు అన్నీ మంచివే, తేడా తెలిసేది ఇంజన్లో నలిగాకే.

ఆమె తినడం ఆపి ఆలోచించింది. బడిలో పిల్లలు వడపోత కాగితం మీద సిరా చుక్క వేస్తారని, అది పాకేకొద్దీ లోపల దాగిన రంగులన్నీ విడిపోయి కనిపిస్తాయని చెప్పింది. మీ ఆయిల్ చుక్క కూడా అలాగే వేస్తే మసి ఎంత దూరం పోతుందో కనపడదా అంది. మేస్త్రికి ఒక్కసారిగా తన గురువు గుర్తొచ్చాడు. ఆ ముసలాయన ఎప్పుడో కాగితం మీద ఆయిల్ చుక్కలు వేసి చూపిస్తుంటే, నాకు ముక్కుంది కదా అని తను పట్టించుకోలేదు.

అమ్మాయిగారు ఒప్పుకుంది. ఒకే రకం లారీలు నాలుగు తీసుకున్నారు, ఒకే దారిలో ఒకే బరువు మోసేవి. రెండింటిలో నీలం, రెండింటిలో పచ్చ పోశారు. లారీ తిరిగొచ్చినప్పుడల్లా ఇంజన్ వేడిగా ఉండగానే ఒక్క చుక్క తీసి వడపోత కాగితం మీద వేయాలి. మేస్త్రి భార్య ఇంకో నియమం పెట్టింది. ఏ కాగితం ఏ ఆయిల్‌దో మేస్త్రికి తెలియకూడదు. బడిలో జవాబుపత్రాలు దిద్దేటప్పుడు పిల్లల పేర్లు మడిచేస్తారట, అలాగన్నమాట. నిజానికి ఆ నియమం అవసరమే. మేస్త్రికి లోలోపల నీలండబ్బా మీద మనసుంది. వేళ్ల మధ్య రుద్దితే అది అచ్చం ఎర్రడబ్బాలాగే జారుతుంది. అందుకని ఆయిల్ పోయించడం, చుక్క తీయించడం అంతా అమ్మాయిగారు డ్రైవర్ల చేత చేయించి, కాగితాల మీద అంకెలు మాత్రమే వేయించి, కవరులో పెట్టి పంపేది. ఏ అంకె ఏ డబ్బాదో మేస్త్రి భార్య నోటుబుక్కులో ఉంది. ఆ నోటుబుక్కు బియ్యం డబ్బా వెనక దాచిందని మేస్త్రికి తెలుసు. వెళ్లి చూడలేదు.

రోజూ సాయంత్రాలు వాళ్లిద్దరికీ అదే పని అయిపోయింది. కాగితాలు కిటికీ పక్కన తాడు కట్టి ఆరేసేవాళ్లు. నల్లటి చుక్క చుట్టూ బూడిదరంగు వలయం, దాని చుట్టూ పలచటి గోధుమరంగు వలయం. ఆయన భూతద్దం పెట్టి చూసేవాడు, ఆమె స్కేలు పెట్టి వెడల్పు కొలిచి రాసేది. పిల్లలు లేని ఆ ఇంట్లో ఇన్ని కబుర్లు ఎప్పుడు చెప్పుకున్నారో ఇద్దరికీ గుర్తులేదు. మసి గురించి మొదలై ఎక్కడెక్కడికో పోయేవి.

ఆరో వారంలో ఒకరోజు ఆమె ఒక కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఈ మూడో నంబరు అంచు వేరేగా ఉందేమిటి అంది. చుక్క చుట్టూ, అన్నిటికంటే బయట, నూనె కాగితంలా మెరిసే పలచటి అంచు. మేస్త్రి చూశాడు. చూడగానే పోల్చుకున్నాడు. డీజిల్. మర్నాడు పొద్దున్నే ఆ నంబరు లారీ ఏదో అమ్మాయిగారిని అడిగి, దాన్ని కదలనివ్వకుండా ఆపించి, నాజిళ్లు విప్పాడు. నాలుగోది సన్నగా కారుతోంది. గేజి పుల్ల మీద ఆయిల్ ఇంకా గీత దాటనే లేదు. అంత తొందరగా తన ముక్కు కూడా ఎప్పుడూ పట్టుకోలేదని ఆయన అక్కడే డ్రైవర్లతో ఒప్పేసుకున్నాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి భార్యకు చెప్పాడు. ఆమె స్కేలు పక్కన పెట్టి ఆయన తల నిమిరింది. ఆ లారీకి నాజిల్ మార్చి, నాలుగింటికీ కొత్త ఆయిల్ పోసి, మళ్లీ మొదటి కాగితం నుంచి మొదలుపెట్టారు.

మూడు నెలలు నిండవచ్చాక ఒక సెలవు రోజు పొద్దున కాగితాలన్నీ వరసగా మంచం మీద పరిచారు. మొదటి వారాల్లో నాలుగు వరసలూ ఒకేలా ఉన్నాయి. పోనుపోను ఒకటి, మూడు వరసల్లో నల్లదనం మధ్యలోనే ముద్దగా నిలిచిపోయింది, అంచు కత్తితో కోసినట్టుంది. రెండు, నాలుగు వరసల్లో మాత్రం చివరి కాగితం మీద కూడా మసి పొగమంచులా పలచగా, అంచుదాకా పరుచుకుంది.

"ఈ రెండూ నీలం," అన్నాడు మేస్త్రి, రెండు, నాలుగు వరసలు చూపించి. ఆయనకు అనుమానమే లేదు.

ఆమె నోటుబుక్కు తెచ్చి తెరిచింది. రెండూ, నాలుగూ పచ్చడబ్బావి. ఆయన నమ్మలేక నోటుబుక్కు లాక్కుని తనే చదివాడు. అంకెలు తప్పు పడ్డాయేమోనని మొదటినుంచీ సరిచూశాడు. తప్పు పడలేదు.

అయినా అమ్మాయిగారు కాగితాల మీదే ఆధారపడలేదు. నాలుగు లారీల ఆయిల్‌నూ చిన్న సీసాల్లో పట్టి పరీక్షలు చేసే చోటికి పంపింది. వారానికి వచ్చిన నివేదికలో కూడా అదే తేలింది. ఈ దారిలో, ఈ బరువులకి, ఈ ఇంజన్లకి పచ్చడబ్బాయే మేలు. ఇంకోచోట ఇంకోలా తేలినా తేలవచ్చని మేస్త్రి నీలండబ్బా ఏజెంటుకు కాగితాలన్నీ చూపించి మరీ చెప్పాడు. అతను టై వదులు చేసుకుని, ఒక్కో కాగితాన్నీ శ్రద్ధగా చూసి, ఫొటోలు తీసుకుని, మా ఫ్యాక్టరీవాళ్లకి చూపిస్తానని వెళ్లాడు.

"నా వేళ్లు నీలం అన్నాయి, కాగితాలు పచ్చ అన్నాయి," అని అమ్మాయిగారితో చెప్పాడు మేస్త్రి. "కాగితాల మాటే విందామమ్మా."

పచ్చడబ్బాలు వచ్చిన రోజున బడికి సెలవు. అమ్మాయిగారు కబురు పెడితే మేస్త్రి భార్య మొదటిసారి షెడ్డుకు వచ్చింది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయన బట్టల మసి ఉతకడమే గానీ, ఆ మసి ఎక్కడ పుడుతుందో ఆమె చూడలేదు. డ్రైవర్లు స్టూలు తుడిచి వేశారు. ఆమె కూర్చోలేదు. ఒక్కో లారీ దగ్గరికీ వెళ్లి, ఇదేనా రెండో నంబరు, ఇదేనా మూడో నంబరు అని అడిగి, ఎరిగున్న పిల్లల్ని చూసినట్టు చూసింది.

మొదట పొడుగు డ్రైవరు లారీలో పోశారు. పాత ఆయిల్ చివరి బొట్టు దాకా కారనిచ్చి, ఫిల్టరు మార్చి, గీత దాకా కొత్తది నింపి, మేస్త్రి గేజి పుల్ల లాగి చూశాడు. గీత దగ్గర వేలు పెట్టి అందరికీ చూపించాడు. ఇక బండి స్టార్ట్ చేయాలి. పొడుగు డ్రైవరు తాళంచెవి తెచ్చి మేస్త్రి భార్య చేతిలో పెట్టాడు.

ఆమె వద్దంది, తనకు రాదంది, చీర అడ్డమంది. ఎవరూ వినలేదు. మెట్టు ఎత్తుగా ఉంటే మేస్త్రి మోచెయ్యి పట్టుకుని ఎక్కించి, తను అటువైపు నుంచి ఎక్కి పక్కన కూర్చున్నాడు. అంత ఎత్తు మీంచి చూస్తే షెడ్డు అంతా చిన్నదైపోయినట్టుంది. ఎక్కడ తిప్పాలో వేలితో చూపించాడు. ఆమె రెండు చేతులతో తాళంచెవి తిప్పింది. లారీ ఒళ్లు విరుచుకుని గురగురమంది, సీటు వణికింది, ఆమె ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇప్పుడేం చెయ్యాలి?" అంది.

"ఏం చెయ్యక్కర్లా. ఆ ఎర్ర దీపం ఆరేదాకా కూచోవాలి. ఆయిల్ పైదాకా ఎక్కుతోంది."

ఇద్దరూ ఆ దీపం వైపే చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి అది ఆరిపోయింది. ఆయన దిగుదామన్నాడు. ఇంకొంచెంసేపు ఉందామంది ఆమె.